హెచ్చరికకు వెల ఎవరు చెల్లింపవలెను?



చెడువార్త తెచ్చువానికి ఏ ఊరిలోను పీట వేయరు. చేలకు తెగులు తగిలినదని మొదట చెప్పినవానిని అపశకునపు నోటివాడందురు. బావినీరు చెడినదని చెప్పినవానిని ఆ బావిగలవారు పగవానివలె చూతురు. అతడు చెప్పినది అబద్ధమైతే నలుగురు నవ్వుదురు. నిజమైతే, ముందే ఏల చెప్పలేదని నిష్ఠూరమాడుదురు. అందుచేత తెలిసినవాడు ఊరకుండుటయే మేలని ఎంచుకొనును. ఈ ఊరకుండుటలో దోషమున్నదా? ఉన్నయెడల అది అతనిది మాత్రమేనా? అతని నోరు మూయించిన మనకందరికిని అందులో పాలు లేదా? మన సముద్రతీరమునకు సంబంధించిన ఒక సంగతిని ఆధారము చేసికొని ఈ నెల ఈ ప్రశ్నను గూర్చి ఆలోచింపగోరుచున్నాము.

జువ్వలదిన్నె మొదలు మైపాడు, కృష్ణపట్నము, తూపిలిపాళెము మీదుగా పులికాటు సరస్సు వరకు గల మన తీరమున వేటకు పోవువారున్నారు. రొయ్యల గుంటలలో కూలి చేయువారున్నారు. చేపలబుట్ట నెత్తినబెట్టుకొని పల్లెపల్లె తిరుగు అమ్మలున్నారు. లోపలి గ్రామములవారు వరి పండించుకొనుచు, వారమున కొకనాడైనను కూరకు చేప కొనుచున్నారు. మేము వ్రాయు సంగతి వీరందరికిని చెందినదే.

సముద్రపు నీరు ఒక్కొక్కప్పుడు రంగు మారును. ఎర్రగానో, చిక్కని ఆకుపచ్చగానో, రంపపుపొట్టు చల్లినట్లు గోధుమవర్ణముగానో కనబడును. కొన్ని రాత్రులు అల విరిగినచోట నీలపు వెలుగు మెరయును. దీనికి కారణము నీటిలో నుండు అతిసూక్ష్మమైన నాచుజాతి జీవులు. ఒక్కొక్కటిగా అవి కంటికి కనబడవు. నీటిలో ఎరువువంటి పదార్థము పెరిగి, ఎండ, వేడిమి, అలల నెమ్మది అనుకూలించినప్పుడు కొద్ది దినములలో కోట్లకొలదిగా పెరిగి నీటికే రంగు తెచ్చును. రొయ్యల గుంట కాపలా కాయువారికి దీనిని వేరుగా వివరింపనక్కరలేదు. గుంటలో ప్లాంక్టన్ మితిమీరి పెరిగి నీరు చిక్కబడినప్పుడు తెల్లవారుజామున రొయ్యలు ఊపిరాడక పైకి తేలుటయు, ఏరియేటర్లు త్రిప్పుటకు కూలీలు పరుగెత్తుటయు వారెరుగుదురు. పగలు ప్రాణవాయువు నిచ్చిన ఆ నాచే రాత్రివేళ దానిని పీల్చివేయును. చచ్చి కుళ్లునప్పుడు మరింత పీల్చును. గుంటలో జరుగు ఈ పని సముద్రములోను జరుగుచున్నది. అయితే సముద్రమునకు ఏరియేటర్లు లేవు.

ఇది నేడు క్రొత్తగా పుట్టినది కాదు. మన నెల్లూరు పాత మదరాసు రాజధానిలో నుండిన దినములలోనే, ఆ ప్రభుత్వపు చేపల శాఖలో పనిచేసిన జేమ్స్ హోర్నెల్ అను దొర 1908లో మలబారు తీరమున ఇట్టి నీటిని చూచి, దానివలన చేపలు చచ్చిన సంగతిని తరువాత వ్రాసి ప్రకటించెను. మన తెలుగు తీరమున వాల్తేరు ఎదుట సముద్రము రంగు మారిన వృత్తాంతమును డి.వి. సుబ్బారావుగారు 1969లో శాస్త్రపత్రికలో ప్రచురించిరి. మనకు దక్షిణముననున్న కల్పాక్కము వద్ద 2007 మార్చి నెలలో ఇట్టి నాచు విస్తారముగా తేలెను. 2019 ఆగస్టులో ఒక రాత్రి చెన్నపట్టణపు తీరమున అలలు నీలముగా వెలుగగా జనులు గుంపులుగా పోయి చూచి ఆనందించిరి. అదే సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మన్నారు సింధుశాఖలో నీరు పచ్చబడి చేపలు చచ్చి ఒడ్డునపడెను. పగడపు దిబ్బలకును హాని కలిగెను. ఈ రెండు చోట్లను ఆ జీవి ఒక్కటియే. దాని పేరు నోక్టిలూకా. ఒకచోట వేడుకయైనది మరియొకచోట చావైనది.

రంగు మారిన నీరంతయు విషము కాదని ఇక్కడనే చెప్పుట న్యాయము. నాచుజాతులు వేలకొలది గలవు. అందు విషము పుట్టించునవి కొన్నియే. సముద్రములోని చేపలన్నిటికిని మొదటి ఆహారము ఈ నాచే. అది లేనియెడల వలలో చేప పడదు. అయితే ఆ కొన్ని జాతులు చేయు హాని స్వల్పమైనది కాదు. గుల్లలు, ఆల్చిప్పలు గంటకు లీటర్లకొలది నీటిని తమలోనికి పీల్చి, వడగట్టి, అందలి నాచును తినుచు జీవించును. ఆ నాచులో విషమున్నయెడల అది గుల్ల మాంసములో చేరి నిలుచును. గుల్లకు ఏమియు కాదు, తిన్నవానికే కీడు. ఆ విషమునకు వాసన లేదు, రుచి లేదు. ఉడికించినను, వేయించినను అది పోదు. తిన్న కొద్ది నిమిషములకో, ఒకటి రెండు గంటలకో పెదవులు, నాలుక తిమ్మిరెక్కును. తరువాత వ్రేళ్లు మొద్దుబారును. కాళ్లు స్వాధీనము తప్పును. మితిమీరినప్పుడు ఊపిరి తీయు కండరములు పనిచేయవు. దీనికి విరుగుడు మందు లేదు. విషము దేహమునుండి పోవువరకు ఆసుపత్రిలో ఊపిరి నిలుపుటయే వైద్యము.

1981లో తమిళనాడులో గుల్లలు తిని 85 మంది ఆసుపత్రి పాలైరి, ముగ్గురు చనిపోయిరి. 1997లో కేరళలోని విళింజము వద్ద ఆల్చిప్పలు తిని 500 మందికి పైగా ఆసుపత్రిలో చేరిరి, ఏడుగురు చనిపోయిరి. 2004 సెప్టెంబరులో అదే కేరళలో కొల్లము నుండి విళింజము వరకు సముద్రమునుండి దుర్గంధము లేచి, 200 మందికి పైగా, ముఖ్యముగా చిన్నపిల్లలు, వాంతులతోను ఊపిరాడకయు బాధపడిరి. వీరు ఎవరికిని అపకారము చేసినవారు కారు. ఎప్పుడును తిను కూరనే తినిరి, ఎప్పుడును పీల్చు గాలినే పీల్చిరి.

కావున ఎవరో ఒకరు కావలి కాయవలెను. అందుకు మన దేశములో పని జరుగుచునే యున్నది. హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము, అనగా ఇన్‌కాయిస్, ఉపగ్రహములు పంపు చిత్రములలో సముద్రపు రంగును చూచి లెక్కలు కట్టుచున్నది. చేపలు ఎక్కడ దొరకునో బోట్లవారికి తెలుపు సూచనలు ఆ రంగునుండియు, నీటి వేడిమినుండియు తీసినవే. 2021లో ఆ సంస్థ నాచు పెరుగుదలను తెలుపుటకు ప్రత్యేకముగా ఒక సేవ ప్రారంభించెను. సముద్రపు రంగు చూచుటకై మన దేశము చేసిన ఓషన్‌శాట్ ఉపగ్రహములు 1999లోను, 2009లోను, 2022 నవంబరులోను మన శ్రీహరికోట నుండియే పైకెగిరెను. పులికాటు ఒడ్డున బుట్ట పట్టుకొని నిలిచిన అమ్మ తలయెత్తి చూచిన ఆ నిప్పుతోకయే నేడు ఆమె దిగు నీటిని పైనుండి చూచు కన్ను మోసికొనిపోయెనని తెలిసికొనుట ఎంత వింత!

అయినను ఆ కంటికి హద్దు గలదు. అది పత్రహరితమును చూచును గాని విషమును చూడలేదు. మబ్బు కమ్మినప్పుడు అదియు చూడలేదు. ఒడ్డును ఆనుకొనియున్న వాగులలో, కాలువలలో, బురదనీటిలో దాని చూపు మందగించును. పైగా 2021లో ఆ సేవ ప్రారంభమైనప్పుడు నాచు తరచుగా పెరుగు తావులుగా గుర్తింపబడినవి నాలుగు: అరేబియా సముద్రపు ఈశాన్యభాగము, కేరళ తీరము, మన్నారు సింధుశాఖ, ఒరిస్సాలోని గోపాలపురము. మన తీరము వాటి నడుమనున్నది. మనకు ఉత్తరమున గోపాలపురము, దక్షిణమున మన్నారు. మన యెదుట అపాయము లేదని దీని భావము కాదు. ఇక్కడ మొదటి కావలివాడు ఒడ్డుననే నిలువవలెనని దీని భావము. నీటి రంగును మొదట చూచువారు బోటువారు. గుల్లల రూపు, వాసన, చచ్చిన చేపల గుర్తు మొదట ఎరుగువారు వాటిని ఏరుకొనువారు. వారు చెప్పినగాని నీటి నమూనా తీయువాడు రాడు. నమూనా తీసినగాని విషమున్నదో లేదో తేలదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. ఆ చూచినవాడు చెప్పునా?

గుల్లలు ఏరుటకు పడవ అక్కరలేదు, వల అక్కరలేదు. కావున ఆ పనికి దిగువారు తీరములోని బీదలలో బీదలు. ఒక వాగులో గుల్లలు ఏరుకొని జీవించు ఒక స్త్రీ నీటిలో ఎన్నడును లేని రంగు చూచినదనుకొందము. అది విషమో కాదో ఆమెకు తెలియదు. ఎవరికైనను చెప్పినయెడల ఆ పూట ఆమె బుట్ట ఎవరును కొనరు. ఆ బుట్ట మాత్రమే కాదు. ప్రక్క పాలెమువారి చేపలును కొనరు. బజారులో వదంతి పుట్టినదనగా దానికి గుల్లకును చేపకును భేదము తెలియదు. వంద ఇండ్లవారు ఆమెమీద పడుదురు. చెప్పనియెడల ఆ రాత్రి ఆమె పొయ్యి వెలుగును. ఇట్టి స్థితిలో ఆమె ఏమి చేయవలెనని మనము ఇంటిలో భోజనము చేసి కూర్చుండి తీర్పు చెప్పుట సులభము.

ఈ విషయమున రెండు పక్షములవారు వాదించుచున్నారు. మొదటివారు, నిశ్చయముగా తెలియువరకు హెచ్చరింపరాదందురు. నీరు తీసి, పట్టణమునకు పంపి, పరీక్షించి, విషమని తేలిన తరువాతనే నోరు తెరవవలెను. లేనియెడల వట్టి అనుమానముతో వందల కుటుంబముల నోటిలో మన్నుకొట్టినట్లగునందురు. ఇందులో సత్యమున్నది. కాని విషము పరీక్షాఫలితము కొరకు కనిపెట్టుకొని యుండదు. నమూనా దారిలో నుండగనే కూర ఉడికిపోవును. రెండవవారు, అనుమానము కలిగిన తక్షణమే అందరికిని చాటవలెనందురు. ఇందులోను సత్యమున్నది. కాని రంగు మారినప్పుడెల్ల తప్పెట కొట్టినయెడల నాలుగవసారి ఎవరును వినరు. ఆ నాలుగవసారియే నిజమైన కీడు రావచ్చును.

మాకు తోచినదేమనగా, ఈ ఇరుపక్షములవారును హెచ్చరిక ఎప్పుడు చేయవలెనని వాదించుచున్నారు గాని, ఆ హెచ్చరికకు వెల ఎవరు చెల్లింపవలెనని అడుగుట లేదు. అది తేలనంతకాలము మొదటి ప్రశ్న తేలదు. ప్రతి హెచ్చరికకును ఒక వెల యున్నది. ఆ వెల అంతయు చెప్పినవాని నెత్తినబడునట్లు లోకము ఏర్పడినయెడల చెప్పువాడుండడు. అప్పుడు మనము అతని మౌనమును పాపమని పిలుతుము. కాని ఆ మౌనమును మనమే కొన్నాము. ఒకరి ఆకలితో మన క్షేమమును కొనుక్కొని, అది మన హక్కని అనుకొనుట నీతి కాదు.

ఇట్లు జరిగిన చోట్లు లోకములో గలవు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున చిలోయే అను ద్వీపమున్నది. 2016లో అక్కడి సముద్రమున విషపునాచు విస్తరింపగా ప్రభుత్వమువారు గుల్లలు తీయరాదని నిషేధించిరి. అది ప్రజల ప్రాణములు కాపాడుటకు చేసిన పనియే. కాని బెస్తల ఇండ్లలో కూడు లేకపోయెను. ప్రభుత్వమువారు ఇవ్వజూపిన సహాయము చాలదని వారు రోడ్లమీదికి వచ్చి, దినములకొలది ఆ ద్వీపమునకు రాకపోకలను ఆపివేసిరి. వారు విషము తినిపింపగోరినవారు కారు. అందరి క్షేమమునకై చేసిన ఖర్చు తమ ఒక్కరి సంచిలోనుండియే తీయరాదని కోరినవారు. మరియొక విధానము అమెరికాలోని కాలిఫోర్నియాలో నున్నది. అక్కడ 1927లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున ఆల్చిప్పలు తిని 102 మంది జబ్బుపడి ఆరుగురు చనిపోయిరి. తరువాత, జనులు తమకై ఒడ్డున ఏరుకొను ఆల్చిప్పలను ఏటేట మే 1 మొదలు అక్టోబరు 31 వరకు తీయరాదని కట్టడ చేసిరి. తేదీ ముందే నిర్ణయమై యుండుటచేత ఆ కాలమున ఏ ఒక్కడును చెడువార్త తెచ్చినవాడని నిందపడడు.

లేఖనములలో కావలివానిని గూర్చిన యెహెజ్కేలు ప్రవచనమును మనము పలుమారు ప్రసంగములలో వినియున్నాము. ఆపద వచ్చుట చూచియు బూర ఊదని కావలివాడు చనిపోయినవారి విషయమై ఉత్తరవాది యగునని అందున్నది. ఆ మాటను మనము ఎదుటివానిమీద ఉపయోగించుటకు త్వరపడుదుము. కాని ఆ చోటనే, కావలివానిని నియమించినది ఆ ప్రజలేనని ముందు చెప్పబడియున్నది. గోడమీద నిలుచువాడు అదే వేళ తన పొలము దున్నుకొనలేడు. అతని నిలువబెట్టిన ఊరు అతని కూడు సంగతి చూడవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. బూర ఊదలేదని అతనిని దండించుటకు ముందు, అతని నిమిత్తము గోడయెక్కుటకు మెట్లు కట్టితిమా, అతని పిల్లలకు గంజి పోసితిమా అని ఊరు తన్ను తాను అడుగుకొనవలెను.

మోషే ధర్మశాస్త్రములో మరియొక చిన్న కట్టడ యున్నది. క్రొత్త యిల్లు కట్టించువాడు మిద్దెమీదినుండి ఎవడును పడిపోకుండ చుట్టు పిట్టగోడ కట్టవలెనట. చూచుటకు ఇది తాపీమేస్త్రి సంగతి. కాని ఇందులో గొప్ప న్యాయమున్నది. మిద్దె ఎక్కువాడు జాగ్రత్తగా నడువవలెనని చెప్పి ఆ శాస్త్రము ఊరకుండలేదు. గోడ ఖర్చు ఇంటివానిమీద పెట్టినది. ఎవరి యిల్లు, ఎవరి లాభమో, కాపుదల ఖర్చులోను వారికి పాలుండవలెను.

సముద్రమునకు ఇంటివారెవరు? ఈ ప్రశ్నకు మన జవాబు మనకు కొంచెము ఇబ్బంది కలిగింపవచ్చును. నాచు పెరుగుటకు ప్రకృతి కారణములు గలవు. ఋతుపవనములవలన అడుగునీరు పైకి వచ్చుటవలనను అది పెరుగును. కాని మనుష్యుల పాలును గలదు. మన వరిచేలలో మితిమీరి చల్లిన యూరియా పంటకు చేరగా మిగిలినది మురుగుకాలువలగుండ సముద్రమునకే పోవును. రొయ్యల గుంటలు ఖాళీ చేసినప్పుడు మేత, మలము కలిసిన నీరు వాగులలోనికి పోవును. పట్టణములవారి మురుగునీరు పెన్నలోనికిని, కాలువలలోనికిని పోవును. ఒడ్డున ఏ సంవత్సరము ఏ నాచు ఎవరి ఎరువుతో పెరిగినదో విడదీసి చెప్పుట ఎవరి తరమును కాదు. అయినను గుల్లలు ఏరుకొను స్త్రీ యూరియా చల్లినది కాదు, గుంట వదలినది కాదు. కారణములో పాలు లేనిదానికి నష్టమంతయు ఇచ్చి, కారణములో పాలున్న మనము క్షేమము మాత్రము తీసికొనుట ఏ న్యాయము?

ఇంకొక సంగతి గమనింపుడి. మన నెల్లూరు రొయ్య ఓడయెక్కి విదేశములకు పోవునప్పుడు మందుల శేషములకై పరీక్షింపబడును. ఆల్చిప్ప జాతులలో ఈ తిమ్మిరి విషము కిలోకు 0.8 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణములు నిర్ణయించియున్నవి. దూరదేశపు పళ్ళెమునకు ఇంత జాగ్రత్త చేయుట మంచిదే. అయితే వాగు ఒడ్డున బుట్టలో అమ్ముడుపోయి, ఆ సాయంకాలమే మట్టికుండలో ఉడుకు గుల్లకు ఏ ప్రయోగశాల అడ్డము రాదు. డబ్బిచ్చు నోరు విలువైనదియు, ప్రక్కింటి నోరు చవుకయు కాదు గదా.

మా మాట సాధ్యము కానిదని కొందరందురు. సముద్రమును మూసినందుకు డబ్బిచ్చు ప్రభుత్వమెక్కడనున్నదని అడుగుదురు. అట్టి ఏర్పాటు మన యెదుటనే యున్నది. తూర్పుతీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు బోట్లు వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఈ నిషేధము. ఆ దినములకై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2019లో కుటుంబమునకు పదివేల రూపాయల చొప్పున ఇచ్చిరి. 2025లో దానిని ఇరువదివేలు చేసిరి. అనగా సముద్రమును మూసినప్పుడు వేటవాని కూడు అందరి బాధ్యతయని మనము ఇదివరకే ఒప్పుకొనియున్నాము. ఇంక పుట్టని చేపపిల్లల కొరకు ఒప్పుకొన్నది, పుట్టి మన నడుమ తిరుగు పిల్లల కొరకు ఒప్పుకొనలేమా? పైగా విషపునాచు సాధారణముగా కొన్ని దినములు, లేక కొన్ని వారములు నిలుచునది. గుల్లలమీద మాత్రమే, అవసరమైన తావులలో మాత్రమే, పరీక్షించి ఆజ్ఞ ఇచ్చినయెడల నష్టపరిహారము కొండంత కాదు.

డబ్బునకై అబద్ధపు హెచ్చరికలు పుట్టునని మరికొందరందురు. మనుష్యుని స్వభావము ఎరిగిన మేము అది జరుగదని అనము. అందులకే నీటి పరీక్ష యున్నది. ఒడ్డుననున్నవాడు చూచి చెప్పవలెను. చదువుకొన్నవాడు పరీక్షించి నిశ్చయింపవలెను. ఒకని కన్ను, ఒకని కొలబద్ద కలిసి పనిచేయవలెను. ఒకడు మోసము చేయునేమో యను భయముతో వందమందిని మౌనమునకు త్రోయుట దొంగ వచ్చునని ఇంటికి వాకిలియే పెట్టకపోవుటవంటిది.

అయితే ఆ స్త్రీ బాధ్యత తీరిపోయినదా? తీరలేదు. ఎరిగియుండి విషమును అమ్ముటకు ఆకలి సాకు కాదు. ఆమె బిడ్డ ప్రాణమెంతటిదో కొన్నవాని బిడ్డ ప్రాణమును అంతటిదే. కాని క్రమమును మరువరాదు. నిజము చెప్పగలుగు స్థితిని ఆమెకు ఏర్పరచుట మన వంతు. ఆ స్థితిలో నిజము చెప్పుట ఆమె వంతు. మన వంతు చేయకుండ ఆమె వంతును లెక్క అడుగుటకు మనకు ముఖము లేదు.

దేవుడే కాపాడునని చెప్పి ఈ సంగతులను ప్రక్కకు నెట్టు సోదరులును మనలో గలరు. దేవుని కాపుదల మీద మాకును నమ్మకమున్నది. ఆ కాపుదల తరచుగా పొరుగువాని నోటిద్వారా వచ్చుచున్నదని మాత్రము వారికి జ్ఞాపకము చేయుచున్నాము.

గ్రామ సంఘములవారు చేయదగిన పనులు కొన్ని గలవు. మొదటిది, మాట సరిగా చెప్పుట. "సముద్రము చెడినది, ఏమియు తినవద్దు" అనుట హెచ్చరిక కాదు, వదంతి. "ఫలాని వాగులో నీరు రంగు మారినది, పరీక్ష తేలువరకు అక్కడి గుల్లలు, ఆల్చిప్పలు తినవద్దు, చచ్చి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన చేపను ముట్టవద్దు, దూరపు సముద్రమున ప్రాణముతో పట్టిన చేపకు దీనితో సంబంధము లేదు" అనుట హెచ్చరిక. ఎంత కచ్చితముగా చెప్పుదుమో అంత తక్కువమందికి నష్టము. రెండవది, ఎవరికి చెప్పవలెనో ముందే తెలిసికొనియుండుట: మండలములోని మత్స్యశాఖ ఉద్యోగి, గ్రామ సచివాలయము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. గుల్లలు తిన్నవానికి పెదవులు తిమ్మిరెక్కినయెడల నాటుమందుతో కాలము వృథా చేయక 108 బండిని పిలిచి, ఏమి తిన్నాడో డాక్టరుకు చెప్పుట.

మూడవది, మన పట్టపుపాలెములలో దురాయి వేయు ఆచారమున్నది. పెద్దలు కూర్చుండి ఊరికంతటికిని ఒక నిషేధము విధించినయెడల ఎవరును దాటరు. దానిని జగడములకు ఉపయోగించుట కంటె, నీరు చెడినదన్న అనుమానము కలిగినప్పుడు రెండు మూడు దినములు గుల్లలు తీయకుండ దురాయి వేయుటకు ఉపయోగించిన ఎంత మేలు! అప్పుడు నింద ఒక్కదాని మీద పడదు; మాట ఊరిది, బాధ్యత ఊరిది. నాల్గవది, ఆ దినములలో ఆగిపోయిన ఇండ్లకు మనము పిడికెడు బియ్యము తీయుట. మన సంఘములలో స్త్రీలు వంట వండునప్పుడెల్ల ప్రభువు పనికి పిడికెడు బియ్యము ప్రక్కకు తీసి దాచుట బహుకాలపు ఆచారము. నిజము చెప్పినందుకు పొయ్యి ఆరిన ఇంటికి పోయు బియ్యము కంటె ప్రభువు పని ఏది? ప్రభుత్వపు సహాయము వచ్చువరకు మొదటి రెండు దినములు మన చేతిలోనివే.

అయిదవది, లోపలి గ్రామముల రైతులకు. మట్టి పరీక్ష చేయించి కావలసినంత ఎరువే వేయుట మీ సంచికిని మేలు, సముద్రమునకును మేలు. గుంటలవారు నీటిని శుద్ధిచేయు చెరువులో నిలిపి వదలవలెను. సముద్రము మనకు ఆమడ దూరమున నున్నదని తలంపవద్దు. మీ కాలువ దానిని ఎరుగును.

ఈ నెల మీ యింటికి చేపలబుట్ట దింపు అమ్మతో బేరమాడుటకు ముందు ఒక ప్రశ్న అడుగుడి: "అమ్మా, నీరెట్లున్నది?" ఆమె నిజము చెప్పినయెడల ఆమెమీద కోపపడవద్దు, ఆమెను ఖాళీ చేతులతో పంపవద్దు. గుల్ల కొనకపోయినను, ఆమె మాటకు కూలి ఇచ్చి పంపుడి. ఆ కూలి ధర్మము కాదు, అప్పు తీర్చుట.